పొద్దున్న బాగానే ఉన్నావుగా

మూడో పీరియడ్‌లో పద్యం ఎత్తుకునేటప్పుడు గొంతు మామూలుగానే ఉండేది. రెండు పాదాల దాకా ఇబ్బంది లేదు. మూడో పాదానికి వచ్చేసరికి మాట ముక్కులోకి జారిపోయేది. "టీచర్, జలుబు చేసిందా?" అని ముందు బెంచీ పిల్లాడు అడిగాడు. జలుబేమీ లేదు. రెండు గుక్కల నీళ్ళు తాగి ఒక్క నిమిషం ఊరుకుంటే గొంతు తిరిగి వచ్చేది. మళ్ళీ మూడో పాదంలో పోయేది.

అప్పటికి నాకు 41 ఏళ్ళు. విజయనగరం దగ్గర ఒక హైస్కూల్లో తెలుగు చెప్తాను. మొదట గొంతు, తర్వాత చేతులు. పాపకి రెండు జడలు వేస్తుంటే రెండో జడ సగంలో ఉండగా చేతులు వాటంతటవే కిందికి దిగిపోయేవి. ఇడ్లీ తినగలిగేదాన్ని కానీ, చేగోడీలు నాలుగు నమిలేసరికి దవడ ఆగిపోయేది. సాయంత్రం స్టాపులో నిలబడితే ఒక ఆర్టీసీ బస్సు రెండుగా వచ్చేది. ఏది ఎక్కాలో తెలియక ఒక కన్ను మూసుకునేదాన్ని.

చిత్రమేమిటంటే, రాత్రి పడుకుని లేస్తే ఇవన్నీ మాయం. "పొద్దున్న బాగానే ఉన్నావుగా" అనేవారు మా ఆయన. ఆ మాటలో తప్పు లేదు. డాక్టర్ల దగ్గరికి వెళ్ళేదీ పొద్దున్నే. ఒకాయన రక్తపరీక్షలు చూసి టెన్షన్ తగ్గించుకోమన్నారు, ఇంకొకాయన కళ్ళజోడు మార్చారు. మా అత్తగారు మాత్రం నా మాట నమ్మి ఎండుమిరపకాయలు, ఉప్పుతో దిష్టి తీసింది. జబ్బు పోలేదు కానీ, నమ్మిన మనిషి ఒకరు దొరికారు. ఏడు నెలలు అలా గడిచాయి.

ఒక సాయంత్రం అద్దంలో చూసుకుంటే ఎడమ కనురెప్ప సగానికి వాలి ఉంది. నాకు చిన్నప్పటి ఒక తెల్లవారుజాము గుర్తొచ్చింది. వానాకాలం, నేల మీద చాప వేసుకుని పడుకున్న మా చిన్నాన్నని కట్లపాము కరిచింది. నొప్పి లేదు, వాపు లేదు. లేచి కూర్చుని "కళ్ళు తెరుచుకోవట్లేదు వదినా" అన్నాడు మా అమ్మతో. ఆ వాలిన రెప్పలు నాకు బాగా గుర్తు. ఆయన బతికాడు, అది వేరే కథ. అద్దంలో నా ముఖం అచ్చం ఆయన ముఖంలా ఉంది. నన్ను ఏ పామూ కరవలేదు.

విశాఖపట్నంలో న్యూరాలజిస్టు దగ్గరికి మా ఆడపడుచు తీసుకెళ్ళింది. ఆవిడ నా మాటంతా విని, పరీక్ష చేయకుండానే, "ఇప్పుడు వద్దమ్మా, సాయంత్రం రండి. లిఫ్ట్ ఎక్కకుండా మెట్లెక్కి రండి" అన్నారు. అంతకుముందు ఎవరూ అలా అనలేదు. సాయంత్రం వెళ్తే తిరుగుతున్న ఫ్యాను వైపు రెప్ప వేయకుండా చూడమన్నారు. నిమిషం కాకముందే రెప్పలు దిగిపోయాయి. ఒక గ్లోవ్‌లో ఐసు వేసి ఎడమ కంటి మీద రెండు నిమిషాలు పెట్టి తీస్తే, ఆ ఒక్క రెప్ప పైకి లేచింది. మా ఆడపడుచు ఫోన్‌లో ఫొటో తీసింది. ఒక కన్ను తెరిచి, ఒక కన్ను వాల్చి ఉన్న ఆ ఫొటో మా ఇంటి గ్రూపులో తిరిగింది.

మర్నాడు నరాలకి కరెంటు పెట్టే పరీక్ష అన్నారు. "మెదడుకి కరెంటు పెడతారంట" అని మా అమ్మకి ఎవరో చెప్పారు. ఇంట్లో ఏడుపులు. ఆ పరీక్ష గది బయట బల్ల మీద నా పక్కన ఒక పెద్దాయన కూర్చున్నారు. నిజంగా మెదడులో కరెంటు ఉన్నది ఆయనకి. పార్కిన్సన్స్ వణుకుకి తలలో సన్నని తీగలు, ఛాతీ చర్మం కింద బ్యాటరీ. 1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో బెనాబిడ్ అనే సర్జన్ దారి చూపిన పద్ధతి అది. ఆ రోజు ఆయన సెట్టింగు సరిచేయించుకోవడానికి వచ్చారట. కాఫీ గ్లాసు ఒలకకుండా పట్టుకుని చూపించారు. నా చేతిలో గ్లాసు ఉంటే కిందపడేది, ఎందుకంటే అప్పటికి పదకొండు గంటలు దాటింది.

డాక్టరమ్మ విడమరిచి చెప్పారు. నా మెదడు బాగానే ఉంది, నరం బాగానే ఉంది, కండరమూ బాగానే ఉంది. తేడా అంతా నరం వచ్చి కండరాన్ని కలిసే చోట ఉంది. అక్కడ నరం అసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని వదులుతుంది, కండరం మీద దాన్ని అందుకునే గ్రాహకాలుంటాయి. నా ఒంట్లోని రోగనిరోధక శక్తే ఆ గ్రాహకాల మీద పడి వాటిని పాడుచేస్తోంది. పేరు మయస్థీనియా గ్రేవిస్.

పరీక్షలో చెవి ముందు ఒక చోట షాక్ ఇస్తారు, ముక్కు పక్క కండరం ఎంత స్పందించిందో తెర మీద గీత వస్తుంది. సెకనుకి మూడు చొప్పున పది షాకులు. రబ్బరు బ్యాండు లాగి వదిలినట్టు చురుక్కుమంటుంది, అంతే. బాగున్నవాళ్ళకి పది గీతలూ ఒకే ఎత్తులో ఉంటాయి. నాకు మొదటిది నిటారుగా ఉంది, రెండోది కాస్త కుంగింది, నాలుగోదానికి 28 శాతం తగ్గింది. పది శాతం దాటితేనే లెక్కలోకి తీసుకుంటారు. మెట్లు దిగుతున్నట్టున్న ఆ గీతల్ని చూసి నాకు ఏడుపొచ్చింది. టెక్నీషియన్ నొప్పేమో అనుకున్నాడు. ఏడు నెలలుగా నేను చెప్తున్నది అదే: మొదటిది బాగుంటుంది, నాలుగోది ఉండదు. మా ఆయన ఆ కాగితాన్ని చాలాసేపు చూశారు. ఏమీ అనలేదు.

1895లో బెర్లిన్‌లో ఫ్రీడ్రిక్ యోలీ అనే వైద్యుడు ఇలాంటి రోగి కండరానికి మళ్ళీ మళ్ళీ కరెంటు ఇచ్చి, అది అలిసిపోవడం చూపించాడు. పరీక్ష మూలం అదేనట. తర్వాత సెలవులో మంచం మీద పడుకుని చదివినదాంట్లో నన్ను పట్టుకున్నది ఇంకొకటి. ఆ గ్రాహకాల్ని లెక్కపెట్టడానికి వాడింది పాము విషం! తైవాన్ కట్లపాము విషం లోంచి 1963లో అక్కడి శాస్త్రవేత్తలు వేరుచేసిన బంగారోటాక్సిన్. అది వెళ్ళి సరిగ్గా ఆ గ్రాహకాలకే అతుక్కుంటుంది. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో న్యూరాలజిస్టు డేనియల్ డ్రాక్‌మన్, ఆయనతో కలిసి పనిచేసిన శాస్త్రవేత్త ఫాంబ్రో 1973లో దాన్ని వాడి, నాలాంటి వాళ్ళ కండరాల్లో గ్రాహకాలు మూడో వంతు కూడా లేవని చూపించారు. పేరులోని 'బంగారం' మనదే. విశాఖపట్నంలో ఉండి పాముల్ని పరిశీలించిన పాట్రిక్ రస్సెల్ 1796 నాటి పుస్తకంలో 'బంగారు పాము' అని తెలుగు పేరే రాసుకున్నాడు. కట్లపాముల శాస్త్రీయ నామం దాన్నుంచే వచ్చింది. మా చిన్నాన్న రెప్పలు, నా రెప్పలు ఒకే చోట దెబ్బతిన్నాయన్నమాట.

అసిటైల్‌కోలిన్ త్వరగా విరిగిపోకుండా ఆపే 60 మిల్లీగ్రాముల పిరిడోస్టిగ్మిన్ మాత్ర మొదటిసారి వేసుకుని అద్దం ముందు కూర్చున్నాను. ముప్పావుగంటలో రెప్ప లేచింది. 1934లో లండన్‌లోని గ్రీనిచ్‌లో మేరీ వాకర్ అనే వైద్యురాలు, ఈ జబ్బు బాణాలకు పూసే క్యురారే విషం లక్షణాల్లా ఉందని గమనించి, ఆ విషానికి విరుగుడైన ఫైసోస్టిగ్మిన్ ఇచ్చి చూసింది. నా మాత్ర దాని వారసురాలు.

అయితే ఆ మాత్ర కడుపుని కుదరనివ్వదు. రెండో నెలలో విరేచనాలు పట్టుకుంటే దగ్గర్లో ఒకచోట మందు అడిగాను. నా జబ్బు పేరు చెప్పాను, వాళ్ళు పట్టించుకోలేదు. ఇచ్చిన యాంటీబయాటిక్ సరిగ్గా ఈ జబ్బున్నవాళ్ళకి పడనిది. రెండో రాత్రికి తాగిన నీళ్ళు ముక్కులోంచి వచ్చాయి. మెడ తలని మోయలేదు. ఒకే ఊపిరిలో ఎన్ని అంకెలు చెప్పగలనో రోజూ చూసుకోమన్నారు డాక్టరమ్మ. మామూలుగా 38 దాకా వెళ్ళేదాన్ని, ఆ రాత్రి 14 దగ్గర ఆగిపోయాను. మా ఆయన కారు మాట్లాడారు. దారంతా "లెక్కపెట్టు, లెక్కపెట్టు" అంటూనే ఉన్నారు.

ఐసీయూలో మాస్కుతో గాలి, ఐదు రోజులు నరంలోకి ఎక్కించే ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే యాంటీబాడీల మందు. వేలమంది దాతల రక్తం నుంచి తీసేది కాబట్టి దాని ధర అలాగే ఉంటుంది. మెడలో గొలుసు బ్యాంకుకి వెళ్ళింది. నాలుగో రోజు నీళ్ళు మింగాను. ఎనిమిది నెలల తర్వాత ఛాతీ ఎముక వెనకుండి రోగనిరోధక కణాలకి పని నేర్పే థైమస్ గ్రంథిని తీయించుకున్నాను. 126 మంది రోగులతో చేసిన పరిశోధన 2016లో వెలువడింది. అందులో థైమస్ తీసినవాళ్ళకి నీరసమూ, స్టెరాయిడ్ల అవసరమూ తగ్గాయని డాక్టరమ్మ చెప్పాకే ఒప్పుకున్నాను. ఫలితం వెంటనే రాదు, ఏడాది పైన పట్టింది.

ఇప్పుడు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ చాలా తగ్గింది, రోగనిరోధక శక్తిని అణిచే అజాథయోప్రిన్ నడుస్తోంది. పడని మందుల పట్టీ పర్సులో ఉంటుంది. నా క్లాసులన్నీ ముందు పీరియడ్లకి మార్చారు హెడ్‌మాస్టర్. పద్యం నాలుగు పాదాలూ పూర్తవుతున్నాయి. పాపకి రెండు జడలూ వేస్తున్నాను, రెండోది మాత్రం కాస్త వదులుగా వస్తుంది. అదేమీ అనదు. బస్సెక్కాక స్నేహితురాలి చేత మళ్ళీ బిగించుకుంటుందని ఈమధ్యే తెలిసింది.