ట్రంక్ పోర్టు నుంచి ఒక్క వీలాన్‌ను తీయాలంటే

ట్రంక్ పోర్టు అంటే చాలా వీలాన్‌లను (ఒకే స్విచ్‌లో విడదీసిన వేర్వేరు నెట్‌వర్క్‌లను) వాటి నంబరు ట్యాగులతో ఒకే లింక్ మీద మోసేది. సిస్కో ఐఓఎస్ (సిస్కో ఆపరేటింగ్ సిస్టమ్) స్విచ్‌లో అలాంటి పోర్టు మీద వీలాన్ 30 ట్యాగింగ్ ఒక్కటే ఆపాలా? ఆ పోర్టులోకి వెళ్లి ‘స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీలాన్ రిమూవ్ 30’ కొట్టండి. ముందు ‘నో’ తగిలిస్తే పోతుందనుకునేవాళ్లు చాలామంది. పోదు సరికదా, ఏ వీలాన్‌లు వెళ్లాలన్న పరిమితే ఎగిరిపోయి 1 నుంచి 4094 దాకా అన్నీ తెరుచుకుంటాయి. ‘రిమూవ్’ మర్చిపోతే ఇంకా ఘోరం: 30 ఒక్కటే మిగిలి, మేనేజ్‌మెంట్ వీలాన్‌తో (మీరు స్విచ్‌లోకి లాగిన్ అయ్యే దారితో) సహా మిగతావన్నీ తెగిపోతాయి.

స్విచ్ వేరే ఊళ్లో ఉంటే, ముందు కాన్ఫిగ్ సేవ్ చేసి ‘రీలోడ్ ఇన్ 10’ పెట్టుకోండి. మార్పును మాత్రం అప్పుడే సేవ్ చేయొద్దు. లింక్ తెగినా పది నిమిషాలకు రీబూటై పాత కాన్ఫిగ్‌తో లేస్తుంది. అంతా బాగుంటే ‘రీలోడ్ క్యాన్సిల్’ కొట్టాకే సేవ్ చేయండి. పట్టపగలు స్విచ్ రీబూటయితే తిట్లు మీకే.

‘షో ఇంటర్‌ఫేసెస్ ట్రంక్’లో ఆ పోర్టు ఎదురుగా 30 కనపడకూడదు. అవతలి స్విచ్‌లోనూ తీయండి, లేకపోతే అక్కడి బ్రాడ్‌కాస్ట్‌లు (వీలాన్‌లో అందరికీ వెళ్లే సందేశాలు) ఊరికే వచ్చి ఇక్కడ డ్రాప్ అవుతుంటాయి.