మూడో దెబ్బ

"మూడోది తొందరగా కొడతా ఉండావు" అన్నాడు నాయన, పక్క గదిలో మంచం మీద నుంచే.

రాత్రి పదకొండు దాటింది. నేను ఒక చెవికి మాత్రం హెడ్‌ఫోన్ తగిలించుకుని సెలెస్ట్ అనే వీడియో గేమ్ ఆడుతున్నాను. ఆయనకు స్క్రీన్ కనబడదు, ఆట చప్పుడూ వినబడదు. వినబడేదల్లా నా చేతిలో కంట్రోలర్ బటన్ల టకటక ఒక్కటే. ముప్పై ఏళ్ళకు పైగా మృదంగం వాయించిన మనిషి, ఆ టకటకలోనే తప్పు పట్టేశాడు. అప్పటికి నాలుగు రోజులుగా ఆ తప్పేమిటో నాకు అంతుపట్టలేదు.

ఆట తెలియనివాళ్ళ కోసం ముందు కొంచెం చెప్పాలి. సెలెస్ట్ 2018 జనవరి 25న వచ్చింది. మ్యాడీ థోర్సన్, నోయెల్ బెర్రీ కలిసి మొదట నాలుగు రోజుల్లో ఒక బుల్లి ఆటగా తయారుచేసి, తర్వాత చిన్న జట్టుతో దాన్ని పెద్దది చేశారు. మ్యాడలిన్ అనే అమ్మాయి సెలెస్ట్ అనే కొండ ఎక్కుతుంది. ఆమెకు తెలిసిన పనులు మూడే. ఎగరడం, గోడ పట్టుకోవడం, గాలిలో ఒక్కసారి డాష్ చేయడం, అంటే ఎనిమిది దిక్కుల్లో ఏదో ఒక దిక్కుకు బాణంలా దూసుకుపోవడం. డాష్ చేతిలో ఉంటే జుట్టు ఎర్రగా ఉంటుంది, వాడేస్తే నీలం అవుతుంది. కాలు నేల మీద పడగానే మళ్ళీ ఎరుపు. ముళ్ళు తగిలినా, గుంతలో పడినా రెప్పపాటులో అదే గది మొదట్లో నిలబడి ఉంటుంది. ఆట మొదటి నిమిషం నుంచి చివరి గది వరకు బటన్లు ఇవే. కొత్త ఆయుధం రాదు, చివర్లో ఇంకో డాష్ దొరకడం తప్ప బలం పెరగదు. మెరుగుపడాల్సింది మన వేళ్ళే. నాకు ఈ ఆట మీద ఇంత ప్రేమ ఎందుకంటే అందుకే.

మాది తిరుపతిలో బైరాగిపట్టెడ. నేను ఫ్లెక్సీలు డిజైన్ చేసే షాపులో పనిచేస్తాను. చిన్నప్పుడు గాంధీ రోడ్డులో కొన్న టీవీ గేమ్ మా ఇంట్లోనూ ఉండేది, కేసెట్ మీద '9999 ఇన్ 1' అని రాసి ఉండేది, తీరా చూస్తే పట్టుమని ఇరవై ఆటలు. అందులో మారియో కోసం నేనూ మా పెద్దమ్మ కొడుకూ కొట్టుకునేవాళ్ళం. అన్న ఎప్పుడూ జంప్ బటన్ వేలు తెల్లబడేదాకా నొక్కిపట్టేవాడు. నేను టక్కున నొక్కి వదిలేసేవాణ్ణి. అన్న తల పైకప్పుకు గుద్దుకునేది, నేను గుంతలో పడేవాణ్ణి. నొక్కిపట్టినంతసేపు ఎత్తు పెరుగుతుందని, ఎప్పుడు వదులుతామో అదీ ఆటలో భాగమేనని మా ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. 1985 నాటి ఆటలోనే ఆ లెక్క ఉంది.

సెలెస్ట్‌లో ఆ లెక్క ఇంకా సన్నం. జంప్ బటన్‌ను గరిష్ఠంగా 0.2 సెకను పట్టుకుంటే పైకి లేచే వేగం అంతసేపూ నిలబడుతుంది. ముందే వదిలితే అక్కడే తగ్గిపోతుంది. పై నుంచి ముళ్ళు వేలాడే సందుల్లో ఈ చిన్న జంప్ రాకపోతే గడవదు. ఇంకోటి, అందరూ గమనించనిది: జంప్ శిఖరానికి చేరే క్షణంలో బటన్ ఇంకా పట్టుకునే ఉంటే, ఆ కాసేపూ ఆకర్షణ సగానికి పడిపోతుంది. అమ్మాయి గాలిలో ఒక్క లిప్త ఆగినట్టు ఉంటుంది. ఎక్కడ దిగాలో చూసుకోవడానికి మనకు దొరికే వ్యవధి అదే. ఇది తెలిశాక నేను జంప్ మధ్యలో కంగారుపడటం మానేశాను.

ఈ అంకెలు నా ఊహ కాదు. మ్యాడలిన్ కదలికలు నడిపే కోడ్‌ను ఆట తయారుచేసినవాళ్ళే అందరికీ బయటపెట్టారు. నాకు ప్రోగ్రామింగ్ రాదు. అయినా పేర్లూ అంకెలూ చూస్తే చాలావరకు అర్థమవుతాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం అంతా దాంతోనే కూర్చున్నాను. ఆ రోజు చదివినదాంట్లో నా ఆటను పూర్తిగా మార్చేసింది ఒకే వరస: అంచు దాటి కాలు గాలిలోకి వెళ్ళాక కూడా 0.1 సెకను వరకు జంప్ పనిచేస్తుంది. దీన్ని ఆటల వాళ్ళు కొయోటీ టైమ్ అంటారు, కొండ అంచు దాటాక కూడా కాసేపు గాలిలో పరిగెత్తే ఆ కార్టూన్ కొయోటీ (నక్కలాంటి జంతువు) పేరు మీద. ఆట సెకనుకు అరవై ఫ్రేములు నడుస్తుంది కాబట్టి, అది ఆరు ఫ్రేములు.

అంతవరకు నేనేం చేసేవాణ్ణంటే, గుంత రాకముందే ఎగిరేవాణ్ణి. పడతానేమో అన్న భయం. అంచుకు ఒక అడుగు ముందే ఎగిరితే, అవతల ఒక అడుగు తక్కువవుతుంది. సరిగ్గా ఆ అడుగు దగ్గరే చచ్చేవాణ్ణి. చచ్చాక, ఇంకా ముందు ఎగరాల్సిందేమో అనుకుని ఇంకా ముందు ఎగిరేవాణ్ణి. ఆ కోడ్ చదివిన సాయంత్రం మొదటి అధ్యాయానికి తిరిగి వెళ్ళి, ఒకే గుంత మీద గంటసేపు ఒక్కటే పని చేశాను: చివరి అంచు దాకా పరిగెత్తడం, కాలు జారిందనిపించాక నొక్కడం. మొదటి ఇరవైసార్లు వేలు మాట వినలేదు. ముందే నొక్కేసేది. కన్ను చెప్పిందాన్ని వేలు నమ్మడానికి చాలాసేపు పట్టింది.

ఇంకా ఉన్నాయి ఇలాంటివి. పైకి ఎగిరినప్పుడు తల మూలకు తగిలితే, నాలుగు పిక్సెళ్ళ తేడా వరకు ఆటే పక్కకు సర్ది పైకి పోనిస్తుంది. గోడకు తగలకపోయినా, మూడు పిక్సెళ్ళ దూరంలో ఉంటే గోడ జంప్ పడుతుంది. స్క్రీన్ మొత్తం 320 పిక్సెళ్ళ వెడల్పే కనుక మూడు, నాలుగు తక్కువేమీ కాదు. ఇలా సర్దడం ఆటగాణ్ణి ముద్దు చేయడం అనేవాళ్ళు ఉన్నారు. నేను ఒప్పుకోను. మనసులో సరైన సమయానికే నొక్కాం అనుకున్నదానికి, నిజంగా వేలు కదిలినదానికి మధ్య ఎప్పుడూ కొంత ఎడం ఉంటుంది. ఆ ఎడాన్ని ఆట తన మీద వేసుకుంటుంది. నాయన కూడా కొత్త పిల్లలకు నేర్పేటప్పుడు తాళం కొంచెం సాగదీసి, వాళ్ళ దెబ్బ కోసం ఆగి కలుపుకునేవాడు. వాళ్ళకు తెలియనిచ్చేవాడు కాదు.

గోడ ఎక్కడం గురించి ఒక్క మాట. మ్యాడలిన్ దమ్ము మొత్తం 110. గోడ పట్టుకుని పైకి ఎగిరిన ప్రతిసారీ అందులో నాలుగో వంతు పోతుంది. అంటే నాలుగు ఎగురులు, అంతే. ఊరికే పట్టుకుని వేలాడితే పోయేది చాలా తక్కువ, పాక్కుంటూ పైకి పోతే ఎక్కువ. నేను అలసట వచ్చినచోట ఆగేవాణ్ణి, దమ్ము అయిపోయి మ్యాడలిన్ మెరుస్తూ గోడ మీంచి జారిపోయేది. పోయిన ఏడాది నాయనతో కలిసి అలిపిరి మెట్లు ఎక్కాను. 3,550 మెట్లు, ఆయనకు అరవై నాలుగు. మోకాళ్ళ పర్వతం దగ్గర నిటారు మెట్ల మీద నేను రొప్పుతూ సగంలో నిలబడిపోయాను. ఆయన మాత్రం ఆగలేదు. "మెట్టు మీద ఆగితే కాలు నొప్పి పోదు నాయనా, పైనుండే చదును దాకా రా, ఆడ కూచుందాం" అన్నాడు. ఆటలోనూ గోడ మధ్యలో విశ్రాంతి లేదు. ఎక్కడ ఆగాలో కింద ఉన్నప్పుడే చూసుకుని బయల్దేరాలి.

ఇక ఆ మూడో దెబ్బ.

చివరి అధ్యాయం ఫేర్‌వెల్ 2019లో ఉచితంగా వచ్చింది. అందులో వేవ్‌డాష్ అనే కదలిక లేకుండా ముందుకు పోలేం. ఆటలోనే ఒక కంప్యూటర్ స్లైడులు వేసి మరీ నేర్పుతుంది. తమాషా ఏమిటంటే ఇది కొత్త శక్తి కాదు, మొదటి అధ్యాయం నుంచే మ్యాడలిన్‌కు వచ్చు, మనకే తెలియదు. కొంచెం ఎగరాలి, ముందుకు వాలుగా నేల మీదికి డాష్ చేయాలి, నేల తగిలి జారుతుండగా మళ్ళీ ఎగరాలి. సరిగ్గా పడితే మామూలు పరుగు కంటే మూడింతలకు పైగా వేగంతో దూసుకుపోతుంది. నాకు వేగం వచ్చేది. కానీ జుట్టు నీలంగానే ఉండిపోయేది. అంటే గాలిలోకి పోయాక డాష్ ఉండేది కాదు, అవతలి గట్టు అందేది కాదు.

నాయన అన్న మాటకు హెడ్‌ఫోన్ తీసేసి వెళ్ళి అడిగాను, మూడోదంటే ఏది అని. ఆయన పడుకునే తొడ మీద వేళ్ళతో కొట్టి చూపించాడు. "త, కి, ట. నువ్వు ఇట్లా మూడూ సమంగా కొడతా ఉండావు. మొదట రెండూ బాగుండాయి. మూడోదాని ముందర చోటు లేదు. కార్వై ఇయ్యి." కార్వై అంటే రెండు దెబ్బల మధ్య వదిలే ఖాళీ. నేను పదో తరగతి దాకా ఆయన దగ్గరే నేర్చుకుని మానేసినవాణ్ణి. ఆ మాట విని పదిహేనేళ్ళు దాటింది. "త కి, ఊఁ, ట" అని ఆయన నోటితో చెప్పాడు.

మళ్ళీ కోడ్ తెరిచాను. అక్కడే ఉంది. డాష్ మొదలయ్యాక 0.1 సెకను గడిస్తే గానీ నేల తగిలినా డాష్ తిరిగి రాదు. డాష్ మొత్తం సాగేది 0.15 సెకను. ఆ రెంటికీ మధ్య ఉన్న సందులో ఎగిరితే వేగమూ దొరుకుతుంది, డాష్ కూడా తిరిగొస్తుంది. నేను సందు తెరుచుకోకముందే ఎగురుతున్నాను. గుంత అంచు దగ్గర చేసిన తప్పే ఇది. ఆలస్యమవుతోందని నాలుగు రోజులు వేళ్ళను తరిమాను, అసలు జబ్బు తొందర.

ఆ తర్వాత సాధన మారింది. ఆటలో అసిస్ట్ మోడ్ ఉంది, వేగాన్ని సగం వరకు తగ్గించుకోవచ్చు. దాన్ని వాడటం చిన్నతనం అనుకునే కుర్రాళ్ళకు ఒక మాట చెప్పాలి. మృదంగంలో ఏ పాఠమైనా మొదటి కాలంలో చేతికి వచ్చాకే రెండో కాలంలోకి పోనిస్తారు. రెండో కాలం అంటే సరిగ్గా రెట్టింపు వేగం. సగం వేగంలో ఆడితే అది మొదటి కాలం, మామూలు వేగం రెండో కాలం. లెక్క అక్షరాలా అదే. మొదటి అధ్యాయం తొలి గదుల్లో, నేల చదునుగా ఉన్నచోట, సగం వేగంలో నోటితో పైకి అంటూ చేశాను. త కి, ఊఁ, ట. ఐదో ప్రయత్నానికే జుట్టు ఎర్రబడింది. గాలిలో ఎర్ర జుట్టుతో ఎగురుతున్న మ్యాడలిన్‌ను చూసి గట్టిగా అరిచాను, అమ్మ లేచి వచ్చింది.

మామూలు వేగానికి రావడానికి ఇంకో వారం. మధ్యలో ఎనభై శాతం దగ్గర రెండు రోజులు చిక్కుకుపోయాను. అక్కడ ఖాళీ నోటికి అందనంత చిన్నదవుతుంది, అనడం మానేసి లోపల తూగడం మొదలుపెట్టాలి. అంతకుమించి దాన్ని మాటల్లో పెట్టలేను. షాపులో ఫ్లెక్సీ ప్రింటవుతుంటే బల్ల మీద వేళ్ళతో అదే కొట్టేవాణ్ణి.

నిన్న రాత్రి పూర్తి వేగంలో పదికి ఏడు పడ్డాయి. పక్క గదిలోంచి చాలాసేపు ఏ మాటా లేదు, నిద్రపోయాడేమో అనుకున్నాను. ఎనిమిదోసారి "ఆఁ" అన్నాడు. శిష్యుడు సమానికి, అంటే తాళం మొదలయ్యే దెబ్బకు, వచ్చి చేరినప్పుడు అనే "ఆఁ". తర్వాత అటు తిరిగి పడుకున్నట్టు మంచం కిర్రుమంది.

ఇక వాల్‌బౌన్స్ పట్టాలి. గోడ పక్కన నిట్టనిలువుగా పైకి డాష్ చేసి, అది ఆగేలోపు గోడను తన్ని ఎగరడం. అక్కడ రెండే దెబ్బలు, మధ్య ఖాళీ ఎంతో ఇంకా వేలికి తెలియలేదు. ఈ రాత్రి సగం వేగంలో మొదలుపెడతాను.