రాజీనామా కాగితం మీద సంతకం పెట్టకండి

నేను పెట్టాను. అందుకే ఇది రాస్తున్నాను.

2019లో నాకు ఆరో నెల. ఒక ఆఫీసులో డేటా ఎంట్రీ ఆపరేటర్‌ని, ఏజెన్సీ ద్వారా చేరాను, అప్పటికి రెండేళ్ల నాలుగు నెలల సర్వీసు. ఒకరోజు మధ్యాహ్నం సూపర్‌వైజర్ పిలిచి కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. అంతకుముందు ఎప్పుడూ కూర్చోమనలేదు. టేబుల్ మీద ఒక కాగితం ఉంది, అప్పటికే టైప్ చేసి ఉంది. "వ్యక్తిగత కారణాల వల్ల నా ఇష్టపూర్వకంగా ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను" అని, కింద నా పేరు, తేదీ దగ్గర మాత్రం చుక్కలు. "ఔట్‌సోర్సింగ్ వాళ్లకి మెటర్నిటీ లీవ్ ఉండదమ్మా, రూల్స్ ఒప్పుకోవు. ఇది ఇచ్చేసి వెళ్లు, డెలివరీ అయ్యి బిడ్డ కాస్త పెద్దయ్యాక రా, చూద్దాం" అన్నాడు. గొంతులో కోపం లేదు, బెదిరింపు లేదు, నాకేదో మేలు చేస్తున్నట్టే మాట్లాడాడు. బహుశా ఆయనకీ అంతవరకే తెలుసేమో. నేను పెన్ను తీసుకుని సంతకం పెట్టి, "థాంక్యూ సార్" అని కూడా చెప్పి వచ్చాను.

బాబు పుట్టాక నేను ఫోన్ చేస్తే నా సీట్లో వేరే అమ్మాయి ఉందన్నారు. అంతే.

చాలా రోజుల తర్వాత బ్యాంకు పని మీద పాత పే స్లిప్పులు తీస్తే అందులో కటింగుల దగ్గర ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) అని ఒక గడి, పైన నా ఇన్సూరెన్స్ నంబర్ కనిపించాయి. రెండేళ్ల నాలుగు నెలలూ ప్రతి నెలా నా జీతంలోంచి ఆ డబ్బు కట్ అవుతూనే ఉంది. ఆ నంబర్ పట్టుకుని ఈఎస్ఐ ఆఫీసుకు వెళ్లి ఒక్క మాట అడగాలని కూడా నాకు అప్పుడు తెలియదు. ఆ స్లిప్పు చేతిలో పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో గుర్తులేదు.

ఆ తర్వాత చదవడం మొదలుపెట్టాను, తెలిసినవాళ్లని అడిగాను. మనకి ఎవరూ చెప్పని మొదటి విషయం ఏంటంటే, ప్రసూతి ప్రయోజనాల చట్టం 1961 నాటిది, అందులో 'మహిళ' అంటే ఎవరు అని రాసిన చోటే "నేరుగా గానీ, ఏదైనా ఏజెన్సీ ద్వారా గానీ" జీతానికి పనిచేసే స్త్రీ అని ఉంది. అరవై ఏళ్ల పైబడిన చట్టం అది. పర్మనెంట్ అన్న మాట అక్కడ షరతుగా లేదు. రెగ్యులర్, టెంపరరీ, కాంట్రాక్ట్, డైలీ వేజ్ అన్న తేడాలన్నీ ఆఫీసులు పెట్టుకున్నవి, ఈ సెలవు విషయంలో చట్టం వాటిని చూడదు. చట్టం చూసేది ఒక్కటే, డాక్టర్ ఇచ్చిన డ్యూ డేట్‌కి ముందు 12 నెలల్లో ఆ యాజమాన్యం దగ్గర కనీసం 80 రోజులు పనిచేశారా లేదా అని. జీతంతో కూడిన సెలవు రోజులు కూడా ఆ 80లో కలుస్తాయి. అంటే మూడు నాలుగు నెలలు పనిచేసిన వాళ్లకి కూడా హక్కు వచ్చేస్తుంది. నాకు రెండేళ్లు దాటింది!

2017లో చట్టాన్ని మార్చి 12 వారాలున్న సెలవును 26 వారాలు చేశారు. అందులో డెలివరీకి ముందు 8 వారాల వరకు తీసుకోవచ్చు. అప్పటికే ఇద్దరు పిల్లలున్న వాళ్లకి మాత్రం 12 వారాలే. గర్భస్రావం అయితే జీతంతో 6 వారాలు, ఈ సంగతి చాలామందికి తెలియక రెండు రోజుల్లో మళ్లీ డ్యూటీకి వచ్చేస్తారు, నేను కళ్లారా చూశాను. 2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రత కోడ్, 2020 అమల్లోకి వచ్చి పాత చట్టం దాంట్లో కలిసిపోయింది. దాంతో "ఆ చట్టమే ఇప్పుడు లేదు" అని ఎవరైనా అంటే నమ్మకండి. 26 వారాలు, 80 రోజులు కొత్త దాంట్లోనూ అలాగే ఉన్నాయి, కాంట్రాక్టర్ ద్వారా పనిచేసేవాళ్లు కూడా ఉద్యోగులే అని అందులో స్పష్టంగా రాశారు.

కోర్టుల సంగతికి వస్తే, ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్‌లో మస్టర్ రోల్ మీద పనిచేసే ఆడవాళ్లు, అంటే రోజు కూలీకి మట్టి తవ్వి రోడ్డు పనులు చేసేవాళ్లు, తమకి కూడా ప్రసూతి సెలవు కావాలని కొట్లాడారు. మీరు రెగ్యులర్ కాదు కాబట్టి రాదని కార్పొరేషన్ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2000 మార్చిలో కోర్టు ఆ ఆడవాళ్ల పక్షానే తీర్పు ఇచ్చింది. నేను ఆ రాజీనామా మీద సంతకం పెట్టిన నాటికి ఆ తీర్పు వచ్చి 19 ఏళ్లు.

రెండో తీర్పు మనలాంటి కాంట్రాక్ట్ వాళ్లు బాగా గుర్తుపెట్టుకోవాలి. ఢిల్లీలో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో కాంట్రాక్ట్ డాక్టర్ 2017 జూన్ 1 నుంచి సెలవు అడిగారు. ఆమె కాంట్రాక్ట్ జూన్ 11తో అయిపోతుంది. కాబట్టి 11 రోజులకే ఇస్తాం అన్నారు. ఆమె ట్రిబ్యునల్‌లో ఓడిపోయి, హైకోర్టులో ఓడిపోయి, సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2023 ఆగస్టు 17న సుప్రీంకోర్టు చెప్పింది ఏంటంటే, 80 రోజుల షరతు తీరితే చాలు, కాంట్రాక్ట్ గడువు మధ్యలో ముగిసినా ప్రసూతి ప్రయోజనం మొత్తం ఇవ్వాల్సిందే అని. ఆరేళ్లు పట్టింది ఆమెకి. ఆమె ఎవరో నాకు తెలియదు గానీ, ఆమెకి దండం పెట్టాలనిపిస్తుంది, ఎందుకంటే పోయిన ఏడాది ఆ తీర్పే మా సెక్షన్‌లో ఒక అమ్మాయిని నిలబెట్టింది.

ఆ అమ్మాయి నన్ను అక్కా అంటుంది. ఇప్పుడు నేను పనిచేసే చోట, నాలాగే ఏజెన్సీ మనిషి. జూన్‌లో ఒకరోజు లంచ్ టైమ్‌లో బాక్స్ తీయకుండా బ్యాగులోంచి ఒక కాగితం తీసి చూపించింది. "నా ఇష్టపూర్వకంగా" అని మొదలైంది. కింద తేదీ దగ్గర చుక్కలు. ఆఫీసు వేరు, ఏజెన్సీ వేరు, ఆరేళ్లు గడిచాయి, కాగితం మాత్రం అదే. నా చేతులు వణికాయి. "సంతకం పెట్టావా?" అంటే "రేపటిదాకా టైమ్ అడిగాను అక్కా" అంది.

ఆ రాత్రి ఇద్దరం కూర్చుని లెటర్ రాశాం. పెద్ద ఇంగ్లీషు ఏమీ లేదు. నాకు ఫలానా తేదీ డ్యూ డేట్, ఫలానా తేదీ నుంచి ప్రసూతి సెలవు తీసుకుంటున్నాను, ఈ సమయంలో వేరే ఎక్కడా పనిచేయను, డబ్బు నా ఈ ఖాతాకి పంపండి, డాక్టర్ సర్టిఫికెట్ జతచేశాను. ఇంతే. ఒక కాపీ ఏజెన్సీకి, ఒక కాపీ ఆఫీసుకి. ఎందుకు రెండంటే, వీళ్లు వాళ్లని అడగమంటారు, వాళ్లు వీళ్లని అడగమంటారు, మధ్యలో మనం నెలలు నిండిన కడుపుతో మెట్లు ఎక్కి దిగుతుంటాం. ఇద్దరికీ ఒకేరోజు ఇచ్చి మన కాపీ మీద స్టాంపు, సంతకం వేయించుకోవాలి. వేయం అంటే స్పీడ్ పోస్టులో పంపాలి, మెయిల్ కూడా పెట్టాలి. నోటిమాటకి నోటిమాటే జవాబు వస్తుంది, ఆ జవాబు రేపు ఎవరికీ గుర్తుండదు.

80 రోజులకి రుజువు కావాలి కదా. మా దగ్గర హాజరు రిజిస్టర్‌లో పర్మనెంట్ వాళ్ల పేర్లు ప్రింట్ చేసి ఉంటాయి, ఏజెన్సీ వాళ్ల పేర్లు చివర్లో పెన్సిల్‌తో రాసి ఉంటాయి, ఎప్పుడు కావాలంటే అప్పుడు చెరిపేయడానికి వీలుగా. ఆ అమ్మాయి ఆ పేజీలన్నీ ఫోన్‌లో ఫోటోలు తీసి పెట్టుకుంది. జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్, పీఎఫ్ పాస్‌బుక్, వాట్సాప్ గ్రూపులో పెట్టే డ్యూటీ లిస్టులు, అన్నీ పనికొస్తాయి. అపాయింట్‌మెంట్ ఆర్డర్ లేదని భయపడకండి.

డబ్బు ఎవరిస్తారు అన్నది మీ జీతాన్ని బట్టి ఉంటుంది. నెలకి 21,000 లోపు జీతం ఉండి ఈఎస్ఐ కట్ అవుతుంటే ఆ 26 వారాల డబ్బు ఈఎస్ఐ ఇస్తుంది, ఏజెన్సీ జేబులోంచి రూపాయి పోదు. దానికి ముందటి రెండు కంట్రిబ్యూషన్ పీరియడ్లలో కలిపి 70 రోజుల చందా ఉండాలి. ఈ పీరియడ్ ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ ఒకటి, అక్టోబర్ నుంచి మార్చి ఒకటి. కాబట్టి ఈరోజే మీ పే స్లిప్ తీసి చూడండి. కట్ చేస్తున్నారా, చేస్తే నిజంగా కడుతున్నారా, ఈఎస్ఐ వెబ్‌సైట్‌లో మీ నంబర్‌తో చూస్తే తెలిసిపోతుంది. ఈఎస్ఐ లేకపోతే యాజమాన్యమే ఇవ్వాలి, సెలవుకి ముందు మూడు నెలల సగటు జీతం లెక్కన. డెలివరీకి ముందు రోజుల డబ్బు అడ్వాన్సుగా, మిగిలింది బిడ్డ పుట్టిన రుజువు ఇచ్చిన 48 గంటల్లో ఇవ్వాలని చట్టంలో ఉంది. వాళ్లు ఉచితంగా వైద్యం చూపించకపోతే 3,500 మెడికల్ బోనస్ కూడా.

మా సెక్షన్ అమ్మాయి జీతం 23,500, ఈఎస్ఐ లేదు. 48 గంటలు కాదు, నెలలు పట్టింది. ఏజెన్సీ అగ్రిమెంట్ సెప్టెంబర్ 30తో అయిపోయి, అక్టోబర్‌లో టెండర్ వేరేవాళ్లకి వెళ్లింది. పాత ఏజెన్సీ సెప్టెంబర్ వరకే లెక్కకట్టి ఇచ్చి చేతులు దులుపుకుంది. అప్పుడు ఆ 2023 తీర్పు కాపీ జతచేసి లేబర్ ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చాం. నెలల బిడ్డని ఎత్తుకుని మూడుసార్లు తిరిగింది పాపం, ఒకసారి ఆ వరండాలోనే బిడ్డకి పాలు పట్టింది. అక్కడి నుంచి నోటీసు వెళ్లాక డిసెంబర్‌లో మిగతా డబ్బు పడింది. మెసేజ్ వచ్చిన వెంటనే స్క్రీన్‌షాట్ పంపింది నాకు. నేను బాత్రూమ్‌లోకి వెళ్లి ఏడ్చాను.

లాయర్‌కి ఇవ్వడానికి డబ్బు లేదని ఆగిపోకండి. ఆదాయం ఎంతన్నది చూడకుండా ఆడవాళ్లందరికీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది, ఫోన్ నంబర్ 15100. గర్భంతో ఉన్నందుకు, సెలవులో ఉన్నందుకు ఉద్యోగంలోంచి తీసేయడం చట్టవిరుద్ధం. ఆ సంగతి వాళ్లకీ తెలుసు. అందుకే తీసేశాం అని ఎవరూ రాసివ్వరు, మన చేతే మానేశాను అని రాయిస్తారు. ఇంట్లో వాళ్లు కూడా "పోనీలే, ఇప్పుడు గొడవెందుకు, టెన్షన్ పడకు" అంటారు, ప్రేమతోనే అంటారు. మా అమ్మ కూడా అలాగే అంది.

పది మంది కన్నా తక్కువ మంది పనిచేసే చిన్న షాపులు, ఇళ్లల్లో పనిచేసేవాళ్లు, వీళ్లెవరికీ ఈ సెలవు చట్టం అందదు. మా ఇంటి పక్క పనిచేసే ఆమె తొమ్మిదో నెలలో బకెట్లు మోయడం చూస్తూ ఈ వారాలూ రోజులూ లెక్కలు రాయాలంటే గొంతు పట్టేసినట్టు ఉంటుంది. అది మారాలి. ఆ చట్టం వచ్చేదాకా నేను ఊరుకోదలచుకోలేదు.

మా సెక్షన్ అమ్మాయి జనవరిలో మళ్లీ డ్యూటీలో చేరింది, అదే సీటు, కొత్త ఏజెన్సీ. బిడ్డకి 15 నెలలు వచ్చేదాకా రోజుకి రెండుసార్లు పాలివ్వడానికి విరామం ఇవ్వాలని కూడా ఉంది. 50 మంది, అంతకన్నా ఎక్కువ మంది ఉన్న చోట పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలి, మా ఆఫీసులో 50 కన్నా ఎక్కువమందే ఉన్నారు, క్రెష్ లేదు. మొన్న విరామం అడిగితే "ఔట్‌సోర్సింగ్ వాళ్లకి అవన్నీ ఉండవు" అన్నారట. ఈ ఆదివారం దానికి లెటర్ రాస్తున్నాం, రెండు కాపీలు.