జైలు నుంచి మా తమ్ముడు వచ్చాక: జరిమానా, ఆధార్, గది, పని (నా అనుభవం)

మా తమ్ముడు 2024 దసరాకి ముందు బెంగళూరు పరప్పన అగ్రహార సెంట్రల్ జైలు నుంచి విడుదలై మా ఇంటికి వచ్చాడు. మాది మదనపల్లె. పెళ్లయ్యాక నేను బెంగళూరు వచ్చేశాను, బొమ్మనహళ్లిలో గార్మెంట్ ఫ్యాక్టరీలో పని చేస్తున్నాను, మా ఆయన ఆటో నడుపుతారు. ములాఖత్‌కి వెళ్లినప్పుడల్లా అక్కడ అనంతపురం, చిత్తూరు వైపు మాటలు వినపడుతూనే ఉండేవి, ఎవరిని కదిపినా ఒకటే ప్రశ్న, ఎప్పుడు వదులుతారు అని. వదిలాక ఏం చేయాలన్నది మాత్రం ఎవరూ మాట్లాడుకునేవాళ్లు కాదు. మాకు ఎదురైన ఇబ్బందుల్లో సగం, వాడు లోపల ఉండగానే మొదలుపెట్టి ఉంటే తేలిపోయేవే. అందుకే రాస్తున్నాను, ఇప్పుడు ఆ క్యూలో నిలబడుతున్న వాళ్లకి పనికొస్తుందని.

కేసు గురించి ఎక్కువ రాయను. 2019లో ఒక గొడవలో వాడు తోసేస్తే ఒక మనిషి పడిపోయి తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. చంపాలన్న ఉద్దేశం లేదని కోర్టు నమ్మింది, ఐపీసీ 304 రెండో భాగం కింద 2021లో ఆరేళ్ల కఠిన శిక్ష, 50,000 జరిమానా వేసింది, జరిమానా కట్టకపోతే ఇంకో ఆరు నెలలు. పోయిన ప్రాణం పోయింది, ఆ ఇంటివాళ్ల బాధ ముందు మా కష్టాలు ఏ పాటివో నాకు తెలుసు. తీర్పుకి ముందు రిమాండ్‌లో గడిపిన కాలమంతా అప్పటి సీఆర్పీసీ (క్రిమినల్ కేసుల విచారణ చట్టం) 428 ప్రకారం శిక్షలోనే లెక్కేస్తారు, దాని మీద సత్ప్రవర్తనకి, చేసిన పనికి రిమిషన్ (శిక్షలో తగ్గింపు) వస్తుంది. ఈ లెక్కంతా అయ్యాక మిగిలింది జరిమానా.

ఈ జరిమానా సంగతి చాలా కుటుంబాలకి చివరి నెలల్లో గానీ గుర్తుకు రాదు. శిక్ష అయిపోయింది కదా అని ఎదురుచూస్తుంటే, జరిమానా కట్టలేదు కాబట్టి ఇంకో ఆరు నెలలు అంటారు. మాకు ఉచిత న్యాయ సహాయం కింద వచ్చిన లాయర్ మేడమ్ ముందే చెప్పబట్టి సరిపోయింది. (జైల్లో ఉన్నవాళ్లకి ఈ సహాయం ఆదాయంతో పని లేకుండా ఇస్తారు, 1987 నాటి చట్టంలోనే ఉంది, 15100కి ఫోన్ చేసినా చెబుతారు.) ఆవిడ చెప్పిన ఇంకో మాట నేను అంతకు ముందు ఎక్కడా వినలేదు. మొత్తం ఒకేసారి కట్టాలనేం లేదట, కొంత కడితే ఆ మేరకు అదనపు జైలు తగ్గుతుంది. అంటే 50,000కి ఆరు నెలలైతే, 25,000 కడితే మూడు నెలలు. అసలే చేతిలో ఏమీ లేని వాళ్ల కోసం కేంద్ర హోంశాఖ 2023లో ఒక పథకం తెచ్చింది, జరిమానా కట్టలేక ఆగిపోయిన ఖైదీకి 25,000 వరకు, బెయిల్ వచ్చినా డబ్బు కట్టలేక ఉండిపోయిన విచారణ ఖైదీకి 40,000 వరకు ఇస్తామని అప్పట్లో చెప్పింది. మనీలాండరింగ్, డ్రగ్స్ లాంటి కొన్ని కేసులకు వర్తించదు. మాకు చీటీ ఉంది కాబట్టి అడగలేదు, కానీ ఎవరూ లేనివాళ్ల కోసం జైలు సూపరింటెండెంట్‌కి, జిల్లా న్యాయ సేవా సంస్థకి అర్జీ పెట్టించండి.

నేను చీటీ పాడి మొత్తం కట్టేద్దామనుకున్నాను. వాడు ఒప్పుకోలేదు. మా జరిమానాలోంచి కొంత చనిపోయినతని అమ్మకి నష్టపరిహారంగా ఇవ్వాలని తీర్పులో ఉంది. ములాఖత్‌లో అద్దం అవతలి నుంచి ఫోన్‌లో, "అక్కా, అది నేను కట్టాల. నీ చీటీ డబ్బులతో కడితే నేను కట్టినట్టెట్లా అయితాది" అన్నాడు. లోపల బేకరీలో పని చేసిన కూలి జైల్లోని వాడి ఖాతాలో ఉంది. అందులోంచి సగం పైన వాడే ఇచ్చాడు, మిగతాది నేను వేశాను, అదీ అప్పుగానే తీసుకుంటానని మాట తీసుకున్నాక. ఖైదీల పనికి సరైన కూలి ఇవ్వాలని, అందులో కొంత బాధితులకి పోయేలా చూడాలని 1998లో సుప్రీంకోర్టు చెప్పిందని తర్వాత తెలిసింది. ఆరు నెలలు కూర్చుని వచ్చేస్తే పోలా అని మా బంధువులే సలహా ఇచ్చారు. నాకు మాత్రం వాడు చేసిందే న్యాయం అనిపిస్తుంది. డబ్బు శిక్ష వేసిన కోర్టులోనే కట్టి, రసీదు తీసుకుని, కోర్టు నుంచి జైలుకి కాగితం వెళ్లిందో లేదో మీరే కనుక్కోవాలి. ఎవరో పంపుతార్లే అని ఊరుకోవద్దు.

ఇక బయటికొచ్చాక. మొదటి దెబ్బ ఫోన్ నంబర్. వాడి పాత సిమ్ ఎప్పుడో కట్ అయిపోయి ఆ నంబర్ ఇంకెవరికో ఇచ్చేశారు, ఆధార్‌కీ బ్యాంకుకీ లింకైంది మాత్రం ఆ నంబరే. ఏం చేయబోయినా ఓటీపీ ఎవరో తెలియని మనిషికి పోతోంది. ఈ చిక్కు విప్పాలంటే వరుస తప్పకూడదు. ముందు కొత్త సిమ్ తీసుకోవాలి, దానికి ఆధార్ నంబర్, వేలిముద్ర చాలు. తర్వాత ఆధార్ సెంటర్‌కి మనిషి స్వయంగా వెళ్లి కొత్త నంబర్ ఎక్కించుకోవాలి, అక్కడ పాత నంబర్ ఓటీపీ అడగరు. మేం బెంగళూరు వన్ కేంద్రంలో చేయించాం. ఓవెన్ దగ్గర పని చేసి చేసి వాడి వేళ్ల చివర్లు నున్నగా అయిపోయాయి, ముద్ర పడక టెన్షన్ పెట్టింది, చివరికి కంటిపాపతో తీసుకున్నారు. ఆ తర్వాతే బ్యాంకు. అసలు ఆధార్ కార్డే లేని ఖైదీలు ఉంటారు, వాళ్లకి జైలు అధికారి సంతకం, ముద్ర ఉన్న జైలు ప్రవేశ పత్రాన్ని ఆధార్ వాళ్లు రుజువుగా తీసుకుంటారు, ఆ పని లోపలే అయిపోతే ఎంత భారం తగ్గుతుందో చెప్పలేను.

బ్యాంకులో ఇంకో తలనొప్పి. రెండేళ్లు ఏ లావాదేవీ లేకపోతే ఖాతా పనిచేయని ఖాతాల్లోకి పోతుంది. కౌంటర్‌లో కూర్చున్నాయన స్క్రీన్ చూసి, మినిమమ్ బ్యాలెన్స్ లేనందుకు పెనాల్టీ పడింది, అది కడితేనే ఖాతా తెరుస్తాం అన్నారు. ఇన్నేళ్లూ ఎందుకు రాలేదని నలుగురిలో గట్టిగా అడిగారు కూడా. తమ్ముడు తల దించుకున్నాడు. నేను అక్కడ ఆ సమాధానం చెప్పదలచుకోలేదు, చెప్పాల్సిన అవసరమూ లేదు, కేవైసీ ఫారంలో ఆ ప్రశ్న లేదు. 2024 ఏప్రిల్ 1 నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధన ఏంటంటే, పనిచేయని ఖాతాలో మినిమమ్ బ్యాలెన్స్ లేదని జరిమానా వేయకూడదు, ఖాతా మళ్లీ తెరిచినందుకూ డబ్బు తీసుకోకూడదు. మా ఫ్యాక్టరీ అకౌంట్స్‌లో పనిచేసే అమ్మాయి దాని ప్రింట్ తీసి ఇచ్చింది. అది మేనేజర్ టేబుల్ మీద పెట్టాక పని అయింది. అలాంటి చోట్లకి ఒంటరిగా పంపకండి. లోపల ఇన్నేళ్లు చెప్పినట్టు విని వచ్చిన మనిషి, కాదు అని ఎవరైనా అంటే సరే అని వెనక్కి తిరిగేస్తాడు.

ఇంట్లో మొదటి నెలలు ఎలా ఉంటాయో కూడా చెప్పాలి. సాయంత్రం ఆరు కాకముందే వాడికి ఆకలి, లోపల ఆ వేళకే తిని లోపలికి వెళ్లిపోవాలి కదా. కూరగాయల బండి దగ్గర కూడా స్కాన్ చేసి డబ్బులిస్తుంటే వింతగా చూసేవాడు. నేను ఇచ్చిన నోట్లు మడిచి చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, ఏం కొన్నా వచ్చి లెక్క చెప్పేవాడు. వద్దురా అంటే వినేవాడు కాదు. మా పాప ఆరో తరగతి, దానికి మేం ఏదీ దాచలేదు. మామయ్య జైల్లో ఉండి వచ్చాడు, ఒక మనిషి ప్రాణం పోయింది కాబట్టి శిక్ష పడింది, అది పూర్తి చేశాడు అని ఉన్నదున్నట్టు చెప్పాం. ఇంకొకరి నోటి నుంచి విని ఉంటే ఏమయ్యేదో.

ఆ ఇంకొకరి నోరు మా ఓనర్ దాకా వెళ్లింది. ఇల్లు ఖాళీ చేయమన్నారు, మీ మీద ఏం లేదమ్మా, పైపోర్షన్ వాళ్లు భయపడుతున్నారు అన్నారు. అడ్వాన్స్‌లో పెయింటింగ్ పేరు చెప్పి చాలానే పట్టుకున్నారు. బేగూరు వైపు ఇల్లు వెతికేటప్పుడు మా ఆయన ఒక నిర్ణయం తీసుకున్నారు, ముందే చెప్పేద్దాం, ఇవ్వనివాళ్లు ఇవ్వరు అని. చాలామంది ఇవ్వలేదు. ఒక పెద్దాయన మాత్రం విడుదల కాగితం అడిగి తీసుకుని రెండుసార్లు చదివి, స్టేషన్‌లో కిరాయిదారుల వివరాలు ఇచ్చే ఫారంలో తమ్ముడి పేరు కూడా మీరే రాయండి అన్నారు. రాశాం. ఇప్పుడు అక్కడే ఉన్నాం. విడుదల పత్రం, తీర్పు కాపీ పోగొట్టుకోకండి. శిక్ష పడినవాళ్లకి తీర్పు కాపీ ఉచితంగా ఇవ్వాలని చట్టంలోనే ఉంది.

పని వెతకడంలో తెలిసొచ్చింది, ఏ తలుపులు చట్టప్రకారమే మూసి ఉన్నాయో ముందే తెలుసుకుంటే అనవసరపు అవమానాలు తగ్గుతాయని. తమ్ముడు అరెస్టుకి ముందు డ్రైవర్. యాప్ క్యాబ్‌లు నడుపుదామనుకున్నాడు, కానీ 2020లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో గత ఏడేళ్లలో హింసకు సంబంధించిన నేరంలో శిక్ష పడినవాళ్లని తీసుకోకూడదని అప్పటికి ఉంది. సెక్యూరిటీ గార్డు పని సులువుగా దొరుకుతుందని అందరూ అన్నారు, దానికీ 2005 చట్టం అడ్డు, కోర్టు శిక్ష వేసినవాళ్లని ఏజెన్సీలు పెట్టుకోకూడదు. బొమ్మసంద్రలో ఒక కంపెనీ పోలీస్ క్లియరెన్స్ అడిగింది, అక్కడితో ఆగింది. ఏజెంట్ ఒకడు, "ఫారంలో నో అని టిక్ పెట్టెయ్, ఎవడు చూస్తాడు" అన్నాడు. వాడి మాట వినొద్దని గట్టిగా చెప్పాను. నిజం చెప్పి పని పోతే అది ఒక్క పనే, దాచి దొరికితే ఇక ఎవరూ నమ్మరు. సర్కారు ఉద్యోగాల్లోనైతే దాచడమే తీసేయడానికి కారణం కావచ్చు, 2016లో సుప్రీంకోర్టు అదే చెప్పింది.

చివరికి లోపల నేర్చుకున్న పనే అక్కరకొచ్చింది. మా ఆయన ఆటోలో రోజూ బ్రెడ్ ట్రేలు వేసే ఒక బేకరీ ఓనరు ఉన్నారు, హిందూపురం ఆయన. ఆయనకి ఏదీ దాచకుండా మొత్తం చెప్పాం. కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత చేతులు కడుక్కుని రమ్మన్నారు. ఖారా బన్ పిండి కలిపి ఉంది. తమ్ముడు దాన్ని ఒకసారి నొక్కి చూసి, ఇంకొంచెం నీళ్లు పడతాయన్నా అన్నాడు. ఓనరు మాట్లాడకుండా చెంబు ఇచ్చారు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర వేసి మళ్లీ పిసికి, ముద్దలు తుంచి ట్రేలో పెడుతుంటే ఆయన మధ్యలోంచి ఒక్కో ముద్ద తీసి కాటా మీద పెట్టి చూశారు. దాదాపు అన్నీ ఒకే తూకం. జీతం మాట్లాడుకుంది అప్పుడే. అయితే ఇంకో మాట కూడా చెప్పారు, క్యాష్ కౌంటర్ దగ్గరకి ఆర్నెల్ల దాకా వెళ్లొద్దని. నాకు మనసు చివుక్కుమంది. తమ్ముడు మాత్రం, ఉన్నమాట మొహం మీదే చెప్పినాడు కదక్కా, అది చాలు అన్నాడు. జీతం బ్యాంకు ఖాతాకే వేయమని మేమే అడిగాం, రేపు ఎక్కడైనా రుజువు కావాలంటే ఉంటుందని.

2025 ఆగస్టులో యెల్లో లైన్ మెట్రో వచ్చాక బేకరీకి దాంట్లోనే వెళ్తున్నాడు. ఆ లైన్‌లో హొస రోడ్డు స్టేషన్ ఉంది, జైలుకి వెళ్లాలంటే మలుపు తిరిగేది అక్కడే. మొదట్లో ఆ స్టేషన్ వస్తోందంటే ఒళ్లు బిగుసుకుపోయేదట, ఇప్పుడు ఫోన్ చూసుకుంటూ వెళ్లిపోతున్నానంటాడు. రాత్రిళ్లు ఉలిక్కిపడి లేవడం మాత్రం పూర్తిగా పోలేదు, సర్కారు ఆసుపత్రిలో మానసిక వైద్యులకి చూపిస్తున్నాం. అలా చూపించడం గురించి ఇంట్లో పెద్దవాళ్లు ఏమన్నా పట్టించుకోకండి.

మిగిలింది డ్రైవింగ్ లైసెన్సు. అది లోపల ఉండగానే గడువు దాటిపోయింది. గడువు దాటి ఏడాది లోపలైతే మామూలుగా రెన్యువల్ చేస్తారు, ఏడాది మించితే మళ్లీ టెస్ట్ పాసవ్వాల్సిందే, 2019 సవరణ తర్వాత నిబంధన అదే. వాడిది ఏడాది ఎప్పుడో మించింది. అప్లికేషన్ పెట్టాం, టెస్ట్‌కి స్లాట్ వచ్చే వారం ఉంది, ఆదివారాలు మా ఆయన స్నేహితుడి వ్యాన్‌లో ప్రాక్టీస్ చేస్తున్నాడు. లైసెన్సు చేతికొస్తే పొద్దున షాపులకి బ్రెడ్ వేసే వ్యాన్ తనకే ఇస్తానని బేకరీ ఓనరు అన్నారు, దానికి జీతం వేరే. ఆ డబ్బులో ప్రతి నెలా ఎంత నా చీటీ అప్పు కింద ఇవ్వాలో తమ్ముడు ఇప్పటికే రాసిపెట్టుకున్నాడు.