ట్రాన్స్ మగవాడిగా సర్టిఫికెట్ తెచ్చుకున్నాను: నా అనుభవం

2025లో ఒక సాయంత్రం పోర్టల్‌లో నా ట్రాన్స్‌జెండర్ సర్టిఫికెట్ కనిపించింది. వెంటనే డౌన్‌లోడ్ చేసి, మా వీధి చివర జిరాక్స్ షాపులో కలర్ ప్రింట్ తీయించి లామినేషన్ కూడా చేయించాను. దాని మీద ఉన్నది నేను పెట్టుకున్న పేరు. పుట్టినప్పుడు ఆడపిల్ల అని రాసినా మగవాళ్లుగా బతుకుతున్న నాలాంటివాళ్లు ఈ కాగితం ఎలా తెచ్చుకోవాలో తెలుగులో చెప్పినవాళ్లు నాకు దొరకలేదు. అందుకే రాస్తున్నాను, కోపం ఇంకా చల్లారలేదు.

అప్లికేషన్ పెట్టడం తేలికే. కేంద్ర సామాజిక న్యాయ శాఖ 2020 నవంబరులో మొదలుపెట్టిన నేషనల్ పోర్టల్‌లో రిజిస్టర్ అయ్యి ఫొటో, ఆధార్, నోటరీ చేయించిన అఫిడవిట్ ఎక్కించాను. అఫిడవిట్ నమూనా అక్కడే ఉంటుంది, సొంత మాటల్లో రాయకండి. అప్లికేషన్ పెట్టే జిల్లాలో ఏడాదిగా ఉంటూ ఉండాలి. మా ఓనరు ఆంటీ అద్దె అగ్రిమెంటు అడగ్గానే ఇచ్చింది. నోటరీ లాయరు గారు కాగితం చదివి, ఒకసారి నన్ను చూసి స్టాంపు వేసేశారు. ఒక్క ప్రశ్న లేదు. ఆయనకి నా నమస్కారం.

2020 రూల్స్ ప్రకారం 30 రోజుల్లో రావాలి. గడువు దాటినా పోర్టల్‌లో పెండింగ్ అనే చూపిస్తుంటే జిల్లా ఆఫీసుకి వెళ్లాను.

"పింఛను కోసమా?" సెక్షన్ చూసే ఆయన నన్నడిగిన మొదటి మాట ఇది. మన ఆంధ్రాలో ట్రాన్స్‌జెండర్లకి ఇచ్చే పింఛను 2024 జులై నుంచి నెలకి 4,000 అయింది. అది అవసరమైనవాళ్లు తీసుకోవాల్సిందే, దాన్ని తప్పు పట్టను. నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని, నా జీతం నాకుంది. నాకు సర్టిఫికెట్ కావాలని చెప్పాను.

ఆయన నా ఆధార్ కార్డు తీసుకుని నా మొహం పక్కన ఎత్తి పట్టుకున్నారు. అది ఇంటర్‌లో తీసిన ఫొటో, భుజం మీద జడ ఉంటుంది. కార్డు చూడటం, నన్ను చూడటం, మళ్లీ కార్డు చూడటం. "నువ్వు అమ్మాయివే కదమ్మా. ట్రాన్స్‌జెండర్లంటే చీరలు కట్టుకుంటారు. ప్యాంటూ చొక్కా వేసుకొచ్చి ట్రాన్స్‌జెండర్నంటావేంటి?"

ఆడపిల్లగా పుట్టి మగవాడిగా బతికేవాళ్లమూ ఉంటాం సార్ అన్నాను. వెంటనే అటెండర్‌ని కేకేశారు. "ఇటు రా, ఈ పిల్ల గొంతు విను." పక్క సీటు మేడమ్ కుర్చీ ఇటు తిప్పుకుని కూర్చున్నారు. నా వెనక లైన్లో అర్జీలు పట్టుకుని ముసలివాళ్లు నిలబడి ఉన్నారు. వాళ్లందరి ముందే "ఆపరేషన్ అయిందా? ఎక్కడెక్కడ చేశారు?" అని అడిగారు. నేను మాట్లాడలేదు. చివరికి "ఇంట్లో పెళ్లి సంబంధాలు చూస్తున్నారా? మీ నాన్నని తీసుకురా. పెద్దాసుపత్రి డాక్టరు దగ్గర రాయించుకురా. అప్పుడు చూద్దాం" అని ఫైలు పక్కకి నెట్టేశారు.

నాకు ఇరవై ఏడేళ్లు. నా అద్దె నేను కట్టుకుంటున్నాను. నేనెవరో చెప్పడానికి నాన్న రావాలట.

నాకు తోడొచ్చిన అక్క ట్రాన్స్ మహిళ. చీర కట్టుకుని, పూలు పెట్టుకుని వరండాలో బెంచీ మీద కూర్చుంది. ఆమెకి ఇదే ఆఫీసు ఎప్పుడో సర్టిఫికెట్ ఇచ్చింది. మీ నాన్నని తీసుకురా అని ఆమెనెవరూ అడగలేదు. అలాగని గౌరవించారనుకోకండి. పది రూపాయలు చేతిలో పెట్టి దీవించమన్నవాళ్లే ఆమె పక్కన చోటున్నా కూర్చోకుండా నిలబడ్డారు. రైల్లో చప్పట్లు, షాపు ఓపెనింగ్‌లో దిష్టి తీయడం, జనానికి తెలిసిన ట్రాన్స్‌జెండర్ అంతే. ఆ బొమ్మలో ఇమిడినవాళ్లని దూరం పెడతారు, ఇమడనివాళ్లని అసలు నమ్మరు. పైగా నన్ను ఆడపిల్లగా చూశారు కాబట్టి నా మాటకి ఇంటి మగవాడి పూచీ అడిగారు. మన ఇళ్లలో ఆడపిల్లలు చదువుకైనా, ఉద్యోగానికైనా, పెళ్లికైనా రోజూ పడేది ఇదే. వాళ్ల తరఫున కూడా నాకు ఆ రోజు ఒళ్లు మండింది.

చట్టం ఏం చెబుతుందో నాకు తెలుసు. 2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) వేసిన కేసులో సుప్రీంకోర్టు ఎవరి జెండర్ వాళ్లే చెప్పుకోవచ్చని, అందుకు ఆపరేషన్ అయి ఉండాలని పట్టుబట్టడం చట్టవిరుద్ధమని తేల్చింది. 2019లో ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం వచ్చింది. 2020 రూల్స్‌లో అయితే ఏ వైద్య పరీక్షా, ఏ శారీరక పరీక్షా లేకుండా అఫిడవిట్‌ని బట్టే ఇవ్వాలని రాశారు. ఆ పేజీ ప్రింట్ తీసి, ఆ వాక్యం కింద ఎర్ర పెన్నుతో గీత గీసి, అర్జీకి పిన్ చేసి కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్స్‌కి వెళ్లాను.

అక్కడ ఒక మేడమ్ అర్జీ మొత్తం చదివారు. తలెత్తి, "చెప్పు బాబూ, డాక్టరు సర్టిఫికెట్ ఎవరు అడిగారు?" అన్నారు. చెప్పాను. గొంతు వణక్కుండా, చదువుకున్నవాడిలా, ఏ రోజు ఎవరు ఏమన్నారో వరసగా చెప్పాను. ఆ విషయంలో నన్ను చూసి నాకే గర్వంగా ఉంది. ఆవిడ అర్జీ మీద ఏదో రాసి కిందికి పంపించారు. ఆ తర్వాత ఫైలు దానంతటదే కదిలింది. ఏ డాక్టరూ రాలేదు, నాన్నా రాలేదు.

వెళ్లేవాళ్లకి నేను చెప్పేది ఇదే. ఇప్పుడు అమల్లో ఉన్న రూల్స్ ప్రింట్ లేకుండా ఆ గుమ్మం ఎక్కకండి. ఆపరేషన్ గురించి అడిగితే నేను నోరు విప్పలేదు, 2020 రూల్స్ ప్రకారం ఈ సర్టిఫికెట్‌కి దానితో పని లేదు. మగ అనో ఆడ అనో రాసి ఇచ్చే సవరించిన సర్టిఫికెట్‌కే అప్పుడు ఆసుపత్రి కాగితం కావాల్సి వచ్చేది, అది వేరే అప్లికేషన్. గేటు దగ్గర "నేను చేయిస్తా" అని వెంటపడేవాళ్లకి ఒక్క రూపాయి ఇవ్వకండి. ఆధార్‌లో జెండర్ ఒక్కసారే మార్చుకోనిస్తారు కాబట్టి ఏం పెట్టించుకోవాలో బాగా ఆలోచించుకుని సెంటర్‌కి వెళ్లండి. ఒంటరిగా మాత్రం వెళ్లొద్దు. బయట అక్క కూర్చుని ఉండబట్టే నేను ఆ రోజు నేరుగా ఇంటికి వెళ్లిపోకుండా ఆ వరండాలోనే అర్జీ రాయడం మొదలుపెట్టాను. మా జిల్లాలో ఎవరికైనా తోడు కావాలంటే చెప్పండి, సోమవారమైతే ల్యాబ్‌కి సెలవు పెట్టి వస్తాను.