ఢిల్లీలో మూడు రోజులు: టికెట్ కంటే ముందు వారం చూసుకోండి

ఢిల్లీ ప్రయాణం అనగానే చాలామంది ముందు రైలు టికెట్ వెతుకుతారు, తర్వాత హోటలు, ఆ తర్వాత ఏమేం చూడాలో రాసుకుంటారు. ఈ వరస తిప్పెయ్యాలి. ఢిల్లీలో చూడాల్సిన వాటికి అయ్యే డబ్బు చాలా తక్కువ. అసలు డబ్బు పోయేది మూసి ఉన్న గేటు ముందుకెళ్లి వెనక్కి తిరిగినప్పుడు, ఊరి ఈ చివర నుంచి ఆ చివరకి రోజుకి రెండుసార్లు ఆటోలో తిరిగినప్పుడు. అందుకే ముందు క్యాలెండరు తీయండి.

సోమవారం ఎర్రకోట ఉండదు. లోటస్ టెంపుల్ ఉండదు. అక్షర్‌ధామ్ ఆలయం ఉండదు. నేషనల్ మ్యూజియం, రైల్ మ్యూజియం, గాంధీజీ చివరి రోజులు గడిపిన గాంధీ స్మృతి, అన్నీ సోమవారమే సెలవు. కరోల్ బాగ్, సరోజినీ నగర్ బజార్లు కూడా ఆ రోజే మూత. చాందినీ చౌక్ కొట్లకు మాత్రం ఆదివారం సెలవు. జామా మసీదులో శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ సందర్శకులను లోపలికి వదలరు. ఇవన్నీ లెక్కేస్తే మంగళ, బుధ, గురువారాలు అన్నిటికంటే హాయి. మీ ఆఫీసు సెలవుల ఇబ్బంది వల్ల శని, ఆది, సోమవారాలే కుదిరితే కంగారేం లేదు. కుతుబ్ మినార్, హుమాయూన్ సమాధి, ఇండియా గేట్, లోధీ గార్డెన్ సోమవారం తెరిచే ఉంటాయి. దక్షిణం వైపు తిరుగుడు సోమవారానికి పెట్టుకుంటే చాలు.

నెల సంగతి కూడా చూడాలి. డిసెంబరు చివర, జనవరిలో పొగమంచుకి రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి. మూడు రోజుల ప్రయాణంలో ఒక పూట అలా పోతే పథకమంతా చెదిరిపోతుంది. జనవరి 26కి ముందు రిహార్సళ్ల కోసం ఇండియా గేట్ దారులు మూస్తారు, ఆగస్టు 15 ముందు ఎర్రకోట మూస్తారు. ఫిబ్రవరి, మార్చి నా దృష్టిలో అన్నిటికన్నా మంచి సమయం. చలి తగ్గుతుంది, పైగా రాష్ట్రపతి భవన్‌లోని అమృత్ ఉద్యాన్ ఆ రోజుల్లో జనానికి తెరుస్తారు. ప్రవేశం ఉచితం, ఆన్‌లైన్‌లో ముందే బుక్ చేసుకోవచ్చు, దానికీ సోమవారం సెలవే.

తేదీలు తేలాక రైలు. రిజర్వేషన్ ఇప్పుడు ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుచుకుంటుంది, ఆ రోజు పొద్దున్నే చేసేయండి. హైదరాబాదు నుంచి తెలంగాణ ఎక్స్‌ప్రెస్, విశాఖ, విజయవాడ వైపు నుంచి ఏపీ ఎక్స్‌ప్రెస్ న్యూఢిల్లీ స్టేషన్‌కి వెళ్తాయి. దక్షిణ్ ఎక్స్‌ప్రెస్ హజ్రత్ నిజాముద్దీన్‌కి వెళ్తుంది. పాత ఢిల్లీ జంక్షన్ అని ఇంకొకటి ఉంది. "ఢిల్లీ స్టేషన్" అని ఆటో ఎక్కితే అక్కడే దింపుతాడు, మీ రైలేమో న్యూఢిల్లీలో ఉంటుంది. తిరుగు టికెట్ మీద స్టేషన్ పేరు ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.

న్యూఢిల్లీలో దిగాక మెట్రో కావాలంటే అజ్మీరీ గేట్ వైపు, అంటే 16వ ప్లాట్‌ఫాం వైపు నడవాలి. ఒకటో నంబరు ప్లాట్‌ఫాం వైపు పహాడ్‌గంజ్. అటు బయటికొస్తే "మీ హోటలు మూసేశారు", "మీ బుకింగ్ క్యాన్సిలైంది, రండి చూపిస్తా" అనేవాళ్లు ఎదురవుతారు. ఆగకండి, ఫోను చూపించకండి, నేరుగా హోటలుకి మీరే ఫోన్ చేసుకోండి.

బస విషయంలో నేను కరోల్ బాగ్‌కే ఓటేస్తాను. పహాడ్‌గంజ్‌లో ఓ రెండు మూడు వందలు తక్కువకి గది దొరుకుతుంది కానీ సందులు ఇరుకు, పిల్లలు పెద్దవాళ్లతో కష్టం. కరోల్ బాగ్ మెట్రో బ్లూ లైన్ మీద ఉంది, రైళ్లు మారే పెద్ద స్టేషన్ రాజీవ్ చౌక్ దగ్గర్లోనే, అక్షర్‌ధామ్‌కి రైలు మారకుండా వెళ్లొచ్చు. గది బుక్ చేసే ముందు రెండు ప్రశ్నలు అడగండి: కిటికీ ఉందా, గీజరు పనిచేస్తుందా? ఈ హోటళ్లలో చాలా గదులకు కిటికీ ఉండదు, ఫోటోలో పరదా వేసి కనబడనివ్వరు. మెట్రో మెట్ల నుంచి నడిచి పది నిమిషాలు దాటితే ఆ గది చవకైనా వద్దు. ఆ తేడా రోజూ ఆటోలకే పోతుంది.

మెట్రోలో నలుగురైదుగురు కలిసి వెళ్తుంటే ఒక్కసారి ఆగి మాట్లాడుకోవాల్సిన సంగతి ఉంది. తనిఖీ దగ్గర ఆడవాళ్ల వరస, మగవాళ్ల వరస వేరు. రైలు వెళ్లే దిక్కున మొదటి పెట్టె ఆడవాళ్లది, మగవాళ్లు ఎక్కితే జరిమానా. రాజీవ్ చౌక్‌లో సాయంత్రం జనం తోపులాటలో సగం మంది ఎక్కి సగం మంది కింద ఉండిపోవడం మామూలే. కాబట్టి ఎక్కే ముందే "ఫలానా స్టేషన్లో దిగి ప్లాట్‌ఫాం మీదే ఆగాలి" అని అనుకోండి. ఎక్కినవాళ్లు మధ్యలో దిగి వెనక్కి రాకూడదు, వాళ్లు ఇటు, వీళ్లు అటు అవుతారు. స్మార్ట్ కార్డు తీసుకుంటే ఛార్జీలో పది శాతం తగ్గుతుంది, వరసలో నిలబడే పనీ తప్పుతుంది. మనిషికో కార్డు ఉండాలి, ఒకే కార్డు మీద ఇద్దరు వెళ్లలేరు. 90 సెంటీమీటర్ల లోపు ఎత్తున్న పిల్లలకు టికెట్ లేదు.

మొదటి రోజు పాత ఢిల్లీ. వయొలెట్ లైన్‌లో లాల్ ఖిలా స్టేషన్ దిగితే ఎర్రకోట ఎదురుగానే. టికెట్ ఆన్‌లైన్‌లో తీసుకుంటే కౌంటర్ కంటే తక్కువ. పురావస్తు శాఖ కట్టడాల్లో 15 ఏళ్ల లోపు పిల్లలకు టికెట్ లేదు, వాళ్ల ఆధార్ వెంట ఉంచుకోండి. అక్కణ్ణుంచి చాందినీ చౌక్ నడకే. ఆ వీధిలో పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది వరకు మోటారు బండ్లను రానివ్వరు, సైకిల్ రిక్షాలు తిరుగుతాయి. రిక్షా ఎక్కే ముందు "సబ్ మిలాకే కిత్నా?" (అందరికీ కలిపి ఎంత?) అని అడగండి. చెప్పిన రేటు అందరికీ కలిపా, మనిషికా అన్నది దిగేటప్పుడు తేలితే గొడవే.

రెండో రోజు మధ్య ఢిల్లీ, ఖర్చు దాదాపు సున్నా. పటేల్ చౌక్ స్టేషన్ దిగి పొద్దున్నే బంగ్లా సాహిబ్ గురుద్వారాకి వెళ్లండి. తలకు గుడ్డ అక్కడే ఇస్తారు, చెప్పులు జోడాఘర్‌లో పెట్టాలి. లంగర్‌లో, అంటే అందరికీ ఉచితంగా భోజనం పెట్టే చోట, రొట్టె రెండు చేతులూ చాపి తీసుకోవాలి, పెట్టించుకున్నది వదలకూడదు. తర్వాత ఇండియా గేట్, పక్కనే జాతీయ యుద్ధ స్మారకం, రెండూ ఉచితమే. మధ్యాహ్నం అన్నం మీదికి మనసు పోతుంది కదా, అశోకా రోడ్డులో ఆంధ్రభవన్ క్యాంటీన్ నడిచి వెళ్లేంత దూరమే. పప్పు, కూర, సాంబారు, పెరుగు, అన్నం అడిగినంత వడ్డిస్తారు. పన్నెండున్నర లోపు చేరితే కూర్చోగలుగుతారు. ఆదివారం బిర్యానీ కోసం ఊరంతా అక్కడే ఉంటుంది, ఆ రోజు గంట సమయం దానికే తీసిపెట్టుకోవాలి.

అదే సాయంత్రం అక్షర్‌ధామ్. మూడింటికల్లా గేటు దగ్గరుండండి. ఫోను, కెమెరా, పవర్ బ్యాంకు ఏదీ లోపలికి రాదు, క్లోక్‌రూమ్‌లో ఇచ్చి టోకెను తీసుకోవాలి. లోపల తప్పిపోతే ఫోన్ చేసి పిలిచే వీలుండదు. మామూలు చేతి గడియారం ఒకటి పెట్టుకుని, "ఏడున్నరకి చెప్పుల స్టాండు దగ్గర" అని ముందే మాట అనుకోండి. టోకెను ఎవరి జేబులో ఉందో వాళ్లు చివరిదాకా అందరితోనే ఉండాలి. ఆలయ ప్రవేశం ఉచితం, ప్రదర్శనలకీ రాత్రి నీళ్ల షోకీ మాత్రం టికెట్లు.

మూడో రోజు దక్షిణం. కుతుబ్ మినార్ సూర్యోదయానికే తెరుస్తారు, ఏడింటికి వెళ్తే ఎండా ఉండదు, ఫోటోలో అడ్డంగా జనమూ ఉండరు. స్టేషన్ పేరు కుతుబ్ మినారే అయినా కట్టడం కిలోమీటరు పైనే, ఆటో ఎక్కాలి. అక్కణ్ణుంచి యెల్లో లైన్‌లో హౌజ్ ఖాస్, మెజెంటాకి మారి కాల్కాజీ మందిర్ దిగితే లోటస్ టెంపుల్‌కి నడకే. మళ్లీ కాల్కాజీ నుంచి వయొలెట్ లైన్‌లో జేఎల్ఎన్ (జవహర్‌లాల్ నెహ్రూ) స్టేడియం, అక్కడ ఆటోలో హుమాయూన్ సమాధి. ఎక్కడా వెళ్లిన దారిలో వెనక్కి రావక్కర్లేదు. సోమవారమైతే లోటస్ టెంపుల్ వదిలేసి ఆ పూట లోధీ గార్డెన్‌లో కూర్చోండి.

ఆగ్రా కూడా చేర్చేద్దాం అనిపిస్తుంది. మూడు రోజుల్లో వద్దు, దానికి నిండు రోజు పోతుంది. నాలుగో రోజు ఉంటేనే పెట్టుకోండి, అదీ శుక్రవారం కాకుండా. తాజ్‌మహల్‌కి ఆ రోజు సెలవు.

ఆఖరి రోజు గది ఖాళీ చేశాక సామాను హోటల్లోనే ఉంచమని అడగండి, చాలావరకు ఒప్పుకుంటారు. స్టేషన్ క్లోక్‌రూమ్ అయితే తాళం వేసిన సంచులనే తీసుకుంటారు, కాబట్టి ఇంటి దగ్గరే చిన్న తాళాలు పెట్టుకు బయల్దేరండి. తిరుగు రైలు నిజాముద్దీన్ నుంచి అయితే సామాను పొద్దున్నే అక్కడి క్లోక్‌రూమ్‌లో వేసేసి తిరగండి. హుమాయూన్ సమాధి నుంచి ఆ స్టేషన్‌కి ఆటోలో కాసేపే.