సిగరెట్ మాని నాలుగేళ్లు, చేతిలో వేప్ మాత్రం అలాగే ఉంది

2022 మార్చిలో నేను చివరి సిగరెట్ కాల్చాను. ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో ఒంగోలులో మొదలైన అలవాటు, రోజుకు పదిహేను సిగరెట్ల లెక్కన పద్దెనిమిదేళ్లు సాగి, నా ముప్పై ఎనిమిదో ఏట ఇంగ్లండులోని లెస్టర్‌లో ఆగింది. కేవలం పట్టుదలతో మానేశానని చెప్పుకుంటే అది నిజం కాదు. సిగరెట్ మాన్పించడానికి ఇక్కడ నడిచే ఉచిత సేవ వారు నా చేతికిచ్చిన చిన్న వేప్ (ద్రవాన్ని వేడిచేసి ఆవిరిగా పీల్చే ఈ-సిగరెట్), అందులో పోసుకునే, మిల్లీలీటరుకు 18 మిల్లీగ్రాముల నికోటిన్ ఉన్న ద్రవం లేకపోయి ఉంటే, అంతకుముందు నాలుగుసార్లు జరిగినట్టే ఆ ఐదోసారి కూడా మూడు వారాలు తిరక్కుండా మళ్లీ మొదటికి వచ్చేవాడిని.

మొదటి రోజు సలహాదారు నా చేత ఒక యంత్రం గొట్టంలోకి ఊదించారు. శ్వాసలో కార్బన్ మోనాక్సైడ్ ఎంతుందో చూపే ఆ యంత్రం మీద 22 అని పడింది. పొగ తాగనివారికి అది పది లోపే ఉంటుందని ఆవిడ చెప్పారు. నాలుగు వారాల తరువాత అదే గొట్టంలోకి ఊదితే 2 వచ్చింది. ఆ అంకెను చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. వేప్‌లో ఏదీ కాలదు కాబట్టి కార్బన్ మోనాక్సైడ్ పుట్టదు, తారు ఉండదు. సిగరెట్ పొగలో ఉండే ఏడువేల రకాల రసాయనాలలో, క్యాన్సర్ కలిగించేవిగా తేలిన డెబ్బై దాకా పదార్థాలలో అత్యధిక భాగం ఆవిరిలో ఉండవు, ఉన్నవి కూడా చాలా తక్కువ మోతాదులో ఉంటాయి. వేప్ గురించి ఆందోళన పడేవారు ఎవరైనా ముందుగా ఒప్పుకోవలసిన విషయం ఇది. నేనూ ఒప్పుకునే ఈ మాటలు రాస్తున్నాను.

అయితే నాలుగేళ్లు గడిచాయి. మానడానికి ఆసరాగా పట్టుకున్నది నిత్యకృత్యమైపోయింది. పొద్దున లేవగానే, కాఫీ తాగాక, పని మధ్యలో, బండి ఎక్కే ముందు, పడుకునే ముందు, రోజుకు రెండు వందలసార్లకు తక్కువ కాకుండా ఈ ఆవిరిని లోపలికి పీలుస్తూ వచ్చాను. ఇరవై ఏళ్ల తరువాత నా ఊపిరితిత్తులకు, గుండెకు ఇది ఏం చేస్తుందన్న ప్రశ్న పోయిన ఏడాది నుంచి నన్ను వదలడం లేదు.

ఊరి నుంచి బంధువులు పంపే వాట్సాప్ సందేశాలు ఈ ప్రశ్నకు జవాబు కాదు. వాటిలో ఎక్కువగా వచ్చేది 2019లో అమెరికాలో యువకులు ఊపిరితిత్తులు దెబ్బతిని ఆసుపత్రుల పాలైన వార్త. అది నిజంగా జరిగింది. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 కేసులు, 68 మరణాలు నమోదయ్యాయి. కానీ ఆ కేసులలో అత్యధికం గంజాయి సారం కలిపిన ద్రవాలకు, వాటిని చిక్కబరచడానికి కలిపిన విటమిన్ ఇ ఎసిటేట్‌కు సంబంధించినవి. బ్రిటన్‌లో అమ్మే నికోటిన్ ద్రవాలలో ఆ పదార్థాన్ని కలపకూడదు. పాప్‌కార్న్ కర్మాగార కార్మికుల ఊపిరితిత్తులను పాడుచేసిన, వెన్న రుచినిచ్చే డయాసిటైల్‌పై కూడా ఇక్కడ 2016 నుంచి నిషేధం ఉంది. కాబట్టి ఈ రెండింటి గురించి నాకు దిగులు లేదు.

నన్ను కలవరపెట్టేవి ఇంతకంటే నెమ్మదైన విషయాలు. ద్రవంలో ప్రధానంగా ఉండే ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ తినే పదార్థాలలో వాడుకలో ఉన్నవే. అయితే కడుపులోకి పోవడానికి పనికొచ్చిన పదార్థం, వేడెక్కి ఆవిరై, దశాబ్దాల తరబడి రోజూ ఊపిరితిత్తుల లోపలి పొరలను తాకుతూ ఉంటే ఏమవుతుందన్నది పూర్తిగా వేరే ప్రశ్న. ద్రవాన్ని వేడిచేసే తీగచుట్ట, అంటే కాయిల్, అతిగా వేడెక్కితే ఫార్మాల్డిహైడ్, అక్రోలిన్ వంటి హానికర రసాయనాలు పుడతాయి. తీగ నుంచి నికెల్, క్రోమియం వంటి లోహాల రేణువులు ఆవిరిలోకి చేరతాయి. పది పన్నెండు రోజులకొకసారి నేను కాయిల్ మార్చినప్పుడు, ద్రవాన్ని పీల్చుకునే, తెల్లగా ఉండవలసిన దూది నల్లబడి, తీగ మీద మాడిన బెల్లం పాకంలా గట్టి పొర పేరుకుని కనిపిస్తుంది. తీపి రుచి ఉన్న ద్రవమైతే అది ఇంకా త్వరగా పేరుకుంటుంది. వేలితో గీకినా రాని ఆ పొరను చూసిన ప్రతిసారీ, ఇది తీగ మీద ఆగిపోయిన భాగం మాత్రమే కదా, మిగిలినది నాలోకే పోయింది కదా అనిపిస్తుంది. అందుకే ఇప్పుడు తీపి రుచులు మానేశాను, కాస్త మాడు వాసన తగిలినా ఆ కాయిల్‌ను వెంటనే తీసేస్తున్నాను.

వేప్ సిగరెట్ కంటే 95 శాతం తక్కువ హానికరమని 2015లో ఇంగ్లండ్ ప్రజారోగ్య సంస్థ ప్రకటించిన మాటను నేనూ చాలా మందికి చెప్పాను. అది నిపుణులు వేసిన అంచనా మాత్రమేనని, జీవితకాలం వేప్ పీల్చినవారిని లెక్కించి తేల్చినది కాదని తరువాత తెలుసుకున్నాను. 2022లో లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకులు చేసిన విస్తృత సమీక్ష మరింత జాగ్రత్తగా మాట్లాడింది. స్వల్ప, మధ్యకాలంలో సిగరెట్‌తో పోలిస్తే వేప్ వల్ల కలిగే ముప్పు చాలా చిన్నదని, అలాగని అసలు ముప్పే లేదని కాదని, ముఖ్యంగా ఎన్నడూ పొగ తాగనివారికి అది వర్తిస్తుందని చెప్పింది. అందులో దీర్ఘకాలం అన్న మాట లేకపోవడం నాకు చాలా ముఖ్యంగా తోచింది.

ఆ మాట లేకపోవడానికి ఎవరి నిర్లక్ష్యమూ కారణం కాదు, కాలమే ఇంకా గడవలేదు. చైనాకు చెందిన ఫార్మసిస్టు హాన్ లిక్ నేటి ఈ-సిగరెట్‌కు రూపమిచ్చింది 2003 ప్రాంతంలో. సిగరెట్ల వాడకం బ్రిటన్‌లో ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే విపరీతంగా పెరిగినా, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో దానికున్న సంబంధాన్ని బ్రిటిష్ పరిశోధకులు రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ గట్టి ఆధారాలతో చూపగలిగింది 1950లో. పైగా వేప్ పీల్చే పెద్దవాళ్లలో చాలా మంది నాలాగే ఏళ్ల తరబడి సిగరెట్ కాల్చినవారు. రేపు నాకు ఏదైనా జబ్బు వస్తే అది ఆ పద్దెనిమిదేళ్ల పొగ వల్ల వచ్చిందో, ఈ ఆవిరి వల్ల వచ్చిందో విడదీసి చెప్పడం ఏ వైద్యుడికీ సులభం కాదు.

ఈ సందర్భంలో ఉత్తరాంధ్ర తీరంలోని ఆడవాళ్లు తాగే అడ్డపొగ నాకు పదేపదే గుర్తుకొస్తుంది. చుట్ట నిప్పున్న కొసను నోటి లోపల పెట్టుకుని పీల్చే ఆ పద్ధతిలో వేడంతా అంగిలికి తగులుతుంది. మిగతా పొగతాగేవారిలో అరుదుగా కనిపించే గట్టి అంగిలి క్యాన్సర్ వీరిలో ఎక్కువగా కనిపించడాన్ని వైద్యులు దశాబ్దాల క్రితమే గుర్తించారు. పీల్చే పద్ధతి మారితే హాని కూడా చోటు మార్చుకోగలదు. సిగరెట్ రోగాల జాబితా పట్టుకుని వేప్‌లో అవి లేవని నిశ్చింతగా ఉండటం నాకు సరిగా తోచకపోవడానికి కారణం ఇదే.

నలభై నిండాక ఇక్కడ చేసే ఆరోగ్య పరీక్షలో నా రక్తపోటు 138/86 వచ్చింది. ప్రమాదం కాదు గానీ గమనించాలని చెప్పిన నర్సు, నికోటిన్ కొంతసేపు గుండె వేగాన్ని, రక్తపోటును పెంచుతుందని గుర్తుచేశారు. నికోటిన్ క్యాన్సర్‌కు ప్రధాన కారణం కాకపోవచ్చు గానీ, మనిషిని కట్టిపడేసేది అదే.

ఆ కట్టు ఎంత గట్టిదో 2024 డిసెంబరులో ఇంటికి వెళ్లినప్పుడు తెలిసింది. భారతదేశం 2019లో చట్టం చేసి ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ అన్నింటినీ నిషేధించింది కాబట్టి వేప్‌ను లెస్టర్‌లోనే వదిలి, మందుల షాపులో దొరికే 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్‌ను నమ్ముకుని బయలుదేరాను. మూడో రోజు సాయంత్రానికి అకారణంగా అన్నయ్య మీద విసుక్కున్నాను. కర్నూలు రోడ్డులో కిళ్లీ కొట్టు ముందు నిలబడి, ఒక్కటే కదా అనుకుంటూ జేబులో డబ్బులు తడుముకున్నాను. కొనలేదు. ఇంటికొచ్చాక అమ్మ నా ముఖం చూసి, "ఏం నాయనా, వంట్లో బాగాలేదా?" అని అడిగితే జవాబు చెప్పలేకపోయాను. పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్‌లో రాత్రులు మేలుకుని పనిచేసిన మా నాన్న చుట్ట కోసం ఇలాగే చిరాకుపడటం చిన్నప్పుడు చూశాను. దాదాపు మూడేళ్లుగా సిగరెట్ ముట్టని నేను అదే చిరాకును నాలో చూసుకోవడం నన్ను బాధపెట్టింది.

ఇందులో నేను ఒంటరిని కాదని తరువాత అర్థమైంది. ఇంగ్లండులో 886 మందిపై జరిగి 2019లో వెలువడిన పరిశోధనలో, ఏడాది తరువాత సిగరెట్‌కు దూరంగా ఉన్నవారు వేప్ తీసుకున్నవారిలో 18 శాతం, నికోటిన్ గమ్, చర్మానికి అంటించుకునే ప్యాచ్ వంటివి వాడినవారిలో 9.9 శాతం. మానడానికి వేప్ ఎక్కువ తోడ్పడిందన్న మాట. అయితే అలా మానగలిగిన వారిలో, ఏడాది గడిచాక కూడా వేప్ వాడుతూనే ఉన్నవారు 80 శాతం. గమ్, ప్యాచ్‌లను వాడుతూనే ఉన్నవారు 9 శాతమే. అందరూ ఆ 18 శాతమే చెబుతారు. ఈ 80 శాతంలో నా నాలుగేళ్ల కథ ఉంది.

ఊరి నుంచి తిరిగొచ్చాక పాత సలహాదారుకే ఫోన్ చేశాను. మళ్లీ సిగరెట్ వైపు పోకుండా ఉండటానికి ఎంతకాలం అవసరమో అంతకాలం వాడమని, ఆ అవసరం తీరిందనిపించినప్పుడే తగ్గించడం మొదలుపెట్టమని ఆవిడ చెప్పారు. భయంతో ఒక్కసారిగా వేప్‌ను విసిరేసి నెల తిరక్కుండా సిగరెట్ అంటించిన వాళ్లను ఎందరినో చూశానని కూడా అన్నారు. ఆ మాటను తేలికగా తీసుకోలేదు. తెలియని ముప్పుకు భయపడి, పక్కాగా తెలిసిన ముప్పులోకి తిరిగి వెళ్లడంలో అర్థం లేదు. సిగరెట్, వేప్ రెండూ ఒకటేనని ఇంట్లో ఎవరైనా అంటే నేను ఒప్పుకోకపోవడానికి కారణం కూడా అదే. ఆ మాట విని వేప్ పక్కనపెట్టి మళ్లీ సిగరెట్ పట్టుకునే మనిషికి జరిగే నష్టం చాలా పెద్దది.

అప్పటి నుంచి 18 మిల్లీగ్రాముల నుంచి 12కు, ఆరు నెలల తరువాత 6కు దిగాను. మొదటి మెట్టు సులువుగానే దిగాను. రెండోది దిగినప్పుడు మాత్రం, తగ్గిన నికోటిన్‌ను తెలియకుండానే ఎక్కువసార్లు పీల్చి పూడ్చుకుంటున్నానని గమనించి, పడకగదిలోకి, కారులోకి వేప్ తీసుకెళ్లడం మానేశాను. ఇప్పుడు పొద్దున లేచిన గంట వరకు దాన్ని ముట్టడం లేదు. వంటగది అరలో 3 మిల్లీగ్రాముల సీసా మూత తీయకుండా ఉంది. వచ్చే నెల రక్తపోటు మళ్లీ చూపించుకుని, ఆ వారంలోనే దాన్ని మొదలుపెడదామని నేను, నా భార్య అనుకున్నాం.